కూటమిని వీడాక మార్కెట్ ప్రవేశం: బ్రిటన్–ఐరోపా సమాఖ్య వాణిజ్య సంప్రదింపులు

ఉమ్మడి మార్కెట్ ఉన్న ఆర్థిక కూటమిలో సభ్యత్వం వదులుకున్న దేశం, ఆ కూటమితో సరుకులు, సేవలు, పెట్టుబడుల రాకపోకలు ఇకపై ఏ షరతులతో సాగాలో తేల్చుకోవడానికి జరిపే చర్చలు ఈ వ్యాసానికి విషయం. మామూలు వాణిజ్య చర్చల్లో రెండు పక్షాలూ ఉన్న అడ్డంకులను ఎలా తగ్గించాలని మాట్లాడుకుంటాయి. ఇక్కడ అడ్డంకులేవీ లేని స్థితి నుంచి చర్చ మొదలవుతుంది. వేటిని తిరిగి నిలబెట్టాలి, ఎంతవరకు నిలబెట్టాలన్నదే తేల్చాల్సిన సంగతి. ఎంత మంచి ఒప్పందం కుదిరినా వ్యాపారికి నిన్నటి కంటే నేడు పని కొంత కష్టమే అవుతుంది. ఆధునిక కాలంలో దీనికి అతి పెద్ద ఉదాహరణ, దస్తావేజులు అత్యధికంగా అందుబాటులో ఉన్న ఉదాహరణ కూడా, బ్రిటన్ ఐరోపా సమాఖ్య (ఈయూ) నుంచి వైదొలగడం. దీన్నే బ్రెగ్జిట్ అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

కూటముల స్థాయులు

దేశాల మధ్య ఆర్థిక అనుబంధం స్థాయిని బట్టి వైదొలిగే దేశం పోగొట్టుకునేదీ మారుతుంది. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో సభ్య దేశాల మధ్య సుంకాలు ఉండవు, బయటి దేశాలపై ఎవరి సుంకాలు వారివి. కస్టమ్స్ యూనియన్‌లో బయటి సరుకుపై అందరూ ఒకే సుంకం వేస్తారు. ఒకసారి లోపలికి వచ్చిన సరుకును సభ్య దేశాల సరిహద్దుల్లో మళ్లీ ఆపరు. ఏకీకృత మార్కెట్ ఇంకా లోతైనది. ప్రమాణాలు, పరీక్షలు, లైసెన్సులు, వృత్తి అర్హతలు వంటివి కూడా ఉమ్మడి చట్టం కిందికి వస్తాయి. మనుషులు, పెట్టుబడులు, సేవలు, సరుకులు నాలుగూ స్వేచ్ఛగా కదులుతాయి. వివాదం వస్తే ఉమ్మడి న్యాయస్థానం తీర్పే చివరి మాట.

బ్రిటన్ ఈ మూడు స్థాయుల్లోనూ సభ్యురాలిగా ఉండేది. 1993 జనవరి 1న మొదలైన ఏకీకృత మార్కెట్ కోసం గట్టిగా పట్టుబట్టిన దేశాల్లో అదీ ఒకటి. కాబట్టి సుంకాల సంగతి ఒక్కటే తేలితే సరిపోయే పరిస్థితి ఆ దేశానికి ఎన్నడూ లేదు.

పూర్వోదాహరణలు

బ్రిటన్‌కు ముందు ఐరోపా కూటమి నుంచి చర్చల ద్వారా బయటపడిన ప్రాంతం గ్రీన్‌లాండ్. 1973లో డెన్మార్క్‌తో పాటు అది కూడా కూటమిలో చేరింది, కానీ అక్కడి ఓటర్లలో అత్యధికులు అంతకుముందే చేరికను వ్యతిరేకించారు. స్వపరిపాలన వచ్చాక 1982లో మళ్లీ ఓటింగ్ జరిగింది. స్వల్ప మెజారిటీతో వైదొలగాలని తేల్చారు. మూడేళ్ల చర్చల తర్వాత 1985 ఫిబ్రవరి 1న బయటికి వచ్చారు. కుదిరిన ఒప్పందం ప్రకారం గ్రీన్‌లాండ్ చేపలు సుంకం లేకుండా ఐరోపా మార్కెట్‌కు వెళ్తాయి. బదులుగా ఐరోపా ఓడలు గ్రీన్‌లాండ్ జలాల్లో వేట కొనసాగిస్తాయి, అందుకు సొమ్ము చెల్లిస్తాయి. జనాభా యాభై వేల చిల్లర, ఎగుమతి దాదాపు చేపలొక్కటే. అయినా ఒప్పందానికి మూడేళ్లు పట్టిందన్న విషయాన్ని 2016లో లండన్‌లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చేపలకూ మార్కెట్‌కూ ముడి పెట్టే ఆ పద్ధతి ముప్పై అయిదేళ్ల తర్వాత బ్రిటన్ ముందుకూ వచ్చింది.

లాటిన్ అమెరికాలో ఆండియన్ కూటమిని చిలీ 1976లో, వెనెజువెలా 2006లో వదిలిపెట్టాయి. ఆ కూటమి ఒడంబడికలో ఒక మంచి ఏర్పాటు ఉంది. వైదొలిగిన దేశానికి సుంకాల రాయితీలు మరో అయిదేళ్లు కొనసాగుతాయి. అందుకే వెనెజువెలా వ్యాపారులకు 2011 దాకా ఊపిరి తీసుకునే వ్యవధి దొరికింది. 2009లో స్వతంత్ర దేశాల కూటమి (సీఐఎస్) నుంచి తప్పుకున్న జార్జియా, అప్పటికే విడివిడిగా కుదుర్చుకున్న ద్వైపాక్షిక ఒప్పందాల మీద నిలబడింది. పశ్చిమ ఆఫ్రికా కూటమి ఎకోవాస్ నుంచి మాలి, బుర్కినా ఫాసో, నైజర్ 2025 జనవరి 29న అధికారికంగా విడిపోయాయి. సరుకులు, ప్రజల రాకపోకలను ఆపకుండా చూడాలని ఎకోవాస్ తన సభ్య దేశాలను కోరింది.

బ్రిటన్: చేరిక, నిష్క్రమణ

1973 జనవరి 1న బ్రిటన్ ఐరోపా ఆర్థిక కూటమిలో చేరింది. 1975లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో మూడింట రెండు వంతుల మంది కొనసాగాలన్నారు. నాలుగు దశాబ్దాల తర్వాత, 2016 జూన్ 23న, 51.9 శాతం వైదొలగాలని, 48.1 శాతం ఉండాలని ఓటేశారు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ ఉండాలన్న వైపే మొగ్గాయి. బ్యాలెట్ పత్రంలో అడిగింది ఉండాలా, వైదొలగాలా అన్నది మాత్రమే. వైదొలిగాక ఏకీకృత మార్కెట్‌లో ఉండాలా, కస్టమ్స్ యూనియన్‌లో ఉండాలా అన్నది ఓటర్లను ఎవరూ అడగలేదు. తర్వాతి నాలుగేళ్ల రాజకీయ సంక్షోభానికి మూలం ఇక్కడుంది.

ప్రధాని డేవిడ్ కామెరాన్ రాజీనామా చేశారు. ఆయన స్థానంలోకి వచ్చిన థెరిసా మే 2017 జనవరి 17న లాంకస్టర్ హౌస్‌లో చేసిన ప్రసంగంలో ఏకీకృత మార్కెట్ నుంచీ, కస్టమ్స్ యూనియన్ సభ్యత్వం నుంచీ బయటికి వస్తామని ప్రకటించారు. మార్చి 29న లిస్బన్ ఒడంబడికలోని 50వ అధికరణం కింద నోటీసు ఇచ్చారు. ఆ అధికరణం ముసాయిదా తయారీలో జాన్ కెర్ అనే బ్రిటిష్ దౌత్యవేత్త పాత్ర ఉంది. నోటీసు ఇచ్చిన రెండేళ్లలో ఒప్పందం కుదరకపోతే సభ్యత్వం దానంతటదే ముగుస్తుంది. గడువు పెంచాలంటే మిగిలిన సభ్యులందరూ ఒప్పుకోవాలి. గడియారం ఎప్పుడు తిరగడం మొదలవ్వాలో వైదొలిగే దేశం చేతిలో ఉంది, గడువు పెంచే అధికారం మాత్రం అవతలి వారిది. ఏ షరతులతో బయటపడాలో ఇంట్లో ఏకాభిప్రాయం రాకముందే నోటీసు ఇవ్వడం బ్రిటన్ బేరసారాల శక్తిని బాగా తగ్గించిందని చెప్పక తప్పదు.

చర్చల క్రమం

ఏది ముందు మాట్లాడాలన్నదే మొదటి తగాదా. విడిపోయే షరతులూ భవిష్యత్ వాణిజ్యమూ కలిపి చర్చించాలని బ్రిటన్ కోరింది. ఈయూ తరఫు ప్రధాన సంప్రదింపుల అధికారి మిషెల్ బార్నియె ముందు మూడు అంశాలు తేలాలన్నారు. ఒకటి, ఉభయ పక్షాల భూభాగాల్లో నివసించే పౌరుల హక్కులు. రెండు, బ్రిటన్ చెల్లించాల్సిన బకాయిలు. మూడు, ఐర్లండ్ సరిహద్దు. బ్రిటన్ ఒప్పుకుంది. బకాయిల మొత్తాన్ని అప్పట్లో 35 నుంచి 39 బిలియన్ పౌండ్లుగా లెక్కగట్టారు. డబ్బు చెల్లింపు అనేది చర్చల్లో బ్రిటన్ చేతిలో ఉన్న బలమైన ముక్క. వాణిజ్యం ప్రస్తావన రాకముందే అది చేజారింది.

రెండు పక్షాల బలాబలాల్లోనూ పెద్ద తేడా ఉంది. బ్రిటన్ ఎగుమతుల్లో 40 శాతానికి పైగా ఈయూకి వెళ్లేవి. ఈయూ దేశాల ఆర్థిక వ్యవస్థల్లో బ్రిటన్ మార్కెట్ వాటా దానితో పోలిస్తే చాలా చిన్నది. దానికి తోడు 1973 నుంచి వాణిజ్య ఒప్పందాల చర్చలన్నీ బ్రసెల్స్‌లోని ఐరోపా కమిషన్ చేతుల్లోనే ఉండటంతో ఆ పనిలో ఆరితేరిన అధికారులు లండన్‌లో కరవయ్యారు. అందుకోసం 2016 జులైలో కొత్తగా ఒక మంత్రిత్వ శాఖనే ఏర్పాటు చేయాల్సి వచ్చింది.

నమూనాలు

2017 డిసెంబరులో బార్నియె ఈయూ నేతల ముందు మెట్ల ఆకారంలో ఒక పటం పెట్టారు. పై మెట్టు పూర్తి సభ్యత్వం, కింది మెట్టు ఒప్పందమే లేకపోవడం. మధ్యలో ఒక్కో మెట్టు మీద ఒక్కో దేశం. బ్రిటన్ తానే గీసుకున్న గీతలు దాన్ని ఏ మెట్టు దాకా దించుతాయో ఆ పటం చూపింది.

నార్వే ఐరోపా ఆర్థిక ప్రాంతం ద్వారా ఏకీకృత మార్కెట్‌లో ఉంది. సరుకులూ సేవలూ దాదాపు అడ్డంకి లేకుండా సాగుతాయి. బదులుగా మనుషుల స్వేచ్ఛా రాకపోకలను అంగీకరించాలి, సొమ్ము చెల్లించాలి, తన ఓటు లేకుండా తయారైన చట్టాలను అమలు చేయాలి. స్విట్జర్లండ్ 1992లో ఆ ప్రాంతంలో చేరికను ఓటింగ్‌లో తిరస్కరించి, అంశాల వారీగా ఒప్పందాలు అల్లుకుంది. ఆ అల్లిక నిర్వహణ తలనొప్పిగా మారిందని, మళ్లీ ఎవరితోనూ అలాంటిది వద్దని ఈయూ భావించింది. టర్కీ 1995 చివరి నుంచి పారిశ్రామిక సరుకుల వరకు కస్టమ్స్ యూనియన్‌లో ఉంది. ఈయూ వేరే దేశంతో ఒప్పందం చేసుకుంటే ఆ దేశపు సరుకు టర్కీ మార్కెట్ దాకా చేరగలదు, ఆ దేశ మార్కెట్లో టర్కీకి మాత్రం ఆ రాయితీ దక్కదు. కెనడా ఒప్పందంలో అత్యధిక సుంకాలు పోయాయి, సొంత చట్టాలు చేసుకునే స్వేచ్ఛ మిగిలింది, సరిహద్దు తనిఖీలు అలాగే ఉన్నాయి.

మనుషుల రాకపోకలను నియంత్రించాలన్న మాట నార్వే, స్విట్జర్లండ్ దారులను మూసేసింది. ఇతర దేశాలతో సొంతంగా ఒప్పందాలు చేసుకోవాలన్న కోరిక టర్కీ దారిని మూసేసింది. మిగిలింది కెనడా తరహా. అయితే దానితో ఉత్తర ఐర్లండ్ సమస్య తీరదు.

ఐర్లండ్ సరిహద్దు

ఐర్లండ్ ద్వీపంలో బ్రిటన్ భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ, ఈయూ సభ్య దేశమైన ఐర్లండ్ గణతంత్రానికీ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. దాన్ని దాటే రోడ్లు రెండు వందలకు పైనే. పొలాల మధ్యగా, ఊళ్ల పక్కగా సాగే సరిహద్దు అది. మూడు దశాబ్దాల హింస తర్వాత 1998 ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంతో అక్కడి సైనిక చెక్‌పోస్టులు తొలగిపోయాయి. రెండు వైపులా ఒకే మార్కెట్ కావడంతో కస్టమ్స్ తనిఖీల అవసరం అంతకుముందే పోయింది. మళ్లీ అక్కడ ఏ కట్టడం లేచినా శాంతికి ముప్పని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి.

బ్రిటన్ కస్టమ్స్ యూనియన్‌ను వీడితే సరుకును ఎక్కడో ఒకచోట తనిఖీ చేయాలి. ద్వీపం లోపలి సరిహద్దులో కుదరదు. మిగిలిన దారులు రెండే. మొత్తం బ్రిటన్ ఈయూ సుంకాల పరిధిలో ఉండటం, లేదా ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య ఐరిష్ సముద్రం మీద తనిఖీలు పెట్టడం. రెండో దారి తమను సొంత దేశం నుంచి విడదీస్తుందని బ్రిటన్‌తో ఐక్యతను కోరే ఉత్తర ఐర్లండ్ పార్టీలు ఆగ్రహించాయి. 2017 జూన్ ఎన్నికల్లో మెజారిటీ పోగొట్టుకున్న థెరిసా మే ప్రభుత్వం వాటిలో ఒకటైన డీయూపీకి చెందిన పది మంది ఎంపీల మద్దతు మీద ఆధారపడింది. ఆ ఏడాది డిసెంబర్ 4న మే బ్రసెల్స్‌లో ఐరోపా కమిషన్ అధ్యక్షుడు జాన్ క్లోడ్ యుంకర్‌తో భోజన సమావేశంలో ఉండగా డీయూపీ నేత ఆర్లీన్ ఫాస్టర్ అభ్యంతరం చెప్పారు. సిద్ధమైన ముసాయిదా ఆ రోజు ఆగిపోయింది. సవరించిన పాఠం నాలుగు రోజుల తర్వాత ఖరారైంది.

2018 నవంబరు నాటి నిష్క్రమణ ఒప్పందంలో మే మొదటి దారిని ఎంచుకున్నారు. వేరే పరిష్కారం దొరికేదాకా మొత్తం బ్రిటన్, ఈయూ ఒకే సుంకాల ప్రాంతంగా ఉంటాయన్న ఈ హామీకి బ్యాక్‌స్టాప్ అని పేరు. దాని నుంచి బ్రిటన్ ఏకపక్షంగా బయటపడే వీలుండదన్న భయం పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్‌ను కుదిపేసింది. 2019 జనవరి 15న ఒప్పందానికి 202 ఓట్లు అనుకూలంగా, 432 ఓట్లు వ్యతిరేకంగా వచ్చాయి. మార్చిలో మరో రెండుసార్లు ఓడిపోయాక మే తప్పుకున్నారు. బోరిస్ జాన్సన్ ఆ అక్టోబరులో రెండో దారిని ఒప్పుకుని వచ్చారు. చట్టం ప్రకారం ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ సుంకాల ప్రాంతమే. ఆచరణలో మాత్రం సరుకులకు అక్కడ ఈయూ నిబంధనలే అమలవుతాయి, తనిఖీలు బెల్‌ఫాస్ట్, లార్న్ వంటి రేవుల్లో జరుగుతాయి. డిసెంబరు ఎన్నికల్లో భారీ మెజారిటీ వచ్చింది. 2020 జనవరి 31 రాత్రి బ్రిటన్ సమాఖ్యను వీడింది.

ప్రోటోకాల్ అని పిలిచే ఈ ఉత్తర ఐర్లండ్ ఏర్పాటు అమలు ఒడుదొడుకులమయం. దానిలోని కొన్ని అంశాలను పక్కనపెట్టే బిల్లును బ్రిటన్ 2020 సెప్టెంబరులో సభలో పెట్టింది, అది అంతర్జాతీయ చట్టాన్ని పరిమితంగా ఉల్లంఘిస్తుందని మంత్రే సభలో అంగీకరించారు. 2021 జనవరి 29న కొవిడ్ టీకాల ఎగుమతి వివాదంలో ఐరోపా కమిషన్ ప్రోటోకాల్‌లో ఏకపక్ష రక్షణ చర్యలకు వీలిచ్చే 16వ అధికరణాన్ని ప్రయోగించబోయి గంటల్లోనే వెనక్కి తగ్గింది. ఒక పక్షానికే నింద అంటగట్టడం న్యాయం కాదు. 2023 ఫిబ్రవరి 27న రిషి సునాక్, ఉర్సులా వాన్ డెర్ లయన్ ప్రకటించిన విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ పరిస్థితిని చక్కదిద్దింది. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడయ్యే సరుకుకు కాగితాలు తక్కువగా ఉండే ఆకుపచ్చ వరుస, ఈయూలోకి వెళ్లే సరుకుకు పూర్తి తనిఖీల ఎర్ర వరుస పెట్టారు. పాలు, మాంసం ప్యాకెట్ల మీద ఈయూకి కాదన్న ముద్ర వచ్చింది. మందులకు బ్రిటన్ అంతటికీ ఒకే అనుమతి చాలన్న మార్పు 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది.

2020 చర్చలు: చేపలు, సమాన పోటీ

నిష్క్రమణ తర్వాత 2020 డిసెంబర్ 31 దాకా పరివర్తన కాలం. ఆ పదకొండు నెలలూ పాత నిబంధనలే నడిచాయి. గడువు పెంచమని అడిగే అవకాశాన్ని బ్రిటన్ జూన్‌లో కావాలనే వదులుకుంది. బ్రిటన్ తరఫున డేవిడ్ ఫ్రాస్ట్, ఈయూ తరఫున బార్నియె. కొవిడ్ కారణంగా కొన్నాళ్లు వీడియో తెరల మీదే బేరాలు సాగాయి.

చివరిదాకా తెగనివి మూడు: సమాన పోటీ షరతులు, ఒప్పందాన్ని ఉల్లంఘిస్తే ఏం చేయాలన్నది, చేపల వేట. సుంకం లేకుండా మా మార్కెట్లోకి వస్తూ కార్మిక, పర్యావరణ ప్రమాణాలు తగ్గించి, పరిశ్రమలకు ప్రభుత్వ రాయితీలు గుప్పిస్తే ఎలా అన్నది ఈయూ భయం. ఈయూ చట్టాలను ఎప్పటికీ అనుసరించాలంటే వైదొలిగి లాభమేమిటన్నది బ్రిటన్ వాదన. చివరికి ప్రమాణాల్లో పెద్ద తేడాలు వచ్చి వాణిజ్యంపై గట్టి ప్రభావం పడితే సుంకాలు విధించి సరిచేసుకోవచ్చన్న మధ్యే మార్గం కుదిరింది.

చేపల రంగం బ్రిటన్ జీడీపీలో ఒక శాతంలో పదో వంతుకు మించదు. అయినా సార్వభౌమత్వానికి అది చిహ్నమైపోయింది. స్కాట్లండ్, కార్న్‌వాల్ రేవు పట్టణాల్లో దశాబ్దాలుగా పేరుకున్న ఆవేదనను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. మరోపక్క బ్రిటన్ ఎగుమతి చేసే చేపల్లో అధిక భాగం కొనేది ఈయూ దేశాలే. జలాలు బ్రిటన్‌వి, మార్కెట్ ఐరోపాది. బ్రిటన్ జలాల్లో ఈయూ ఓడల వాటాలో 25 శాతం 2026 జూన్ దాకా అంచెలంచెలుగా బ్రిటన్‌కు బదిలీ కావాలని, ఆ తర్వాత ఏటా చర్చించుకోవాలని తేల్చారు. జాలర్ల సంఘాలకు ఇది తీవ్ర నిరాశ మిగిల్చింది.

2020 డిసెంబర్ 24న వాణిజ్య, సహకార ఒప్పందం కుదిరింది. పాఠం 1,200 పేజీలకు పైనే. బ్రిటన్ పార్లమెంటు ఉభయ సభలూ డిసెంబర్ 30న ఒక్క రోజులోనే చట్టం చేసేశాయి. 2021 జనవరి 1న తాత్కాలికంగా, మే 1న పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఒప్పందం కుదిరిన వారానికే కొత్త నిబంధనలతో సరుకు పంపాల్సిన వ్యాపారులకు ఆ పేజీలు చదివే తీరిక కూడా దొరకలేదు.

ఒప్పందం పనిచేసే తీరు

*ఉత్పత్తి మూలం.* సుంకం సున్నా అన్నది ఎగుమతి చేసే పక్షం భూభాగంలో తయారైనట్టు రుజువున్న సరుకుకే. బ్రిటన్‌లో పెద్ద దుకాణాల సంస్థ ఒకటి జర్మనీలో తయారైన మిఠాయిని బ్రిటన్ గిడ్డంగికి తెప్పించి, అక్కడి నుంచి ఐర్లండ్ దుకాణాలకు పంపేది. 2021 జనవరిలో ఆ మిఠాయికి సుంకం పడే పరిస్థితి వచ్చింది. జర్మనీ సరుకే అయినా బ్రిటన్‌లో మార్పేమీ జరగకుండా తిరిగి ఈయూలోకి వెళ్తోంది కనుక అది బ్రిటిష్ ఉత్పత్తి కాదు. చైనా నుంచి తెచ్చి డబ్లిన్‌కు పంపే చొక్కాలదీ ఇదే కథ. కార్లలో బయటి దేశాల భాగాల విలువకు పరిమితి ఉంది. విద్యుత్ కార్ల బ్యాటరీలు ఎక్కువగా ఆసియా నుంచే వస్తున్నందున 2024లో కఠినం కావాల్సిన నిబంధనను ఇరుపక్షాలూ 2026 చివరికి వాయిదా వేసుకున్నాయి. లేకపోతే వాటి మీద 10 శాతం సుంకం పడేది.

*ఆహార తనిఖీలు.* వ్యాపారిని అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే. మాంసం, పాలు, గుడ్లు, చేపల ఉత్పత్తులు ఈయూకి పంపాలంటే ప్రతి రకానికీ పశువైద్యుడి సంతకంతో ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఫారం అచ్చయిన సిరా రంగులో ఆ సంతకం ఉండకూడదు. పత్రం గమ్యస్థాన దేశం భాషలోనూ, సరుకు ఈయూలోకి అడుగుపెట్టే దేశం భాషలోనూ ఉండాలి. వివిధ కంపెనీల సరుకు కలిపి నింపిన లారీలో ఒక్క పెట్టె కాగితంలో తప్పుంటే లారీ మొత్తం ఆగుతుంది. పెద్ద కంపెనీలు దీనికి ఉద్యోగులను పెట్టుకున్నాయి. వారానికి రెండు పెట్టెల చీజ్ ఫ్రాన్స్‌కు పంపే చిన్న రైతుకు ధ్రువపత్రం ఖర్చే లాభాన్ని మించిపోతుంది. వేల్స్, నైరుతి ఇంగ్లండ్ తీరాల్లోని కొన్ని జలాల్లో పట్టిన ఆల్చిప్పలను శుద్ధి చేయకుండా ప్రాణంతో పంపడం ఒక్క రోజులో నిషిద్ధమైంది. 2021 జనవరిలో నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్ రేవులో దిగిన లారీ డ్రైవర్ల నుంచి హ్యామ్ శాండ్‌విచ్‌లను కస్టమ్స్ వారు తీసేసుకోవడం డచ్ టీవీలో ప్రసారమైంది. మాంసం, పాల పదార్థాలు బయటి దేశం నుంచి వెంట తెచ్చుకోకూడదన్నది ఎప్పటి నుంచో ఉన్న నియమం. బ్రిటన్ ఇప్పుడు బయటి దేశం, అంతే తేడా.

బ్రిటన్ తన వైపు తనిఖీలను పదేపదే వాయిదా వేసింది. ఈయూ నుంచి వచ్చే ఆహారానికి ధ్రువపత్రాలు 2024 జనవరి 31 నుంచి, భౌతిక తనిఖీలు ఏప్రిల్ 30 నుంచి మొదలయ్యాయి. అంటే ఈయూ ఎగుమతిదారులకు మూడేళ్లపాటు దారి సుగమం, బ్రిటిష్ ఎగుమతిదారులకు మొదటి రోజు నుంచే భారం.

*సేవలు.* బ్రిటన్ ఆదాయంలో సింహభాగం సేవలదే, ఒప్పందంలో వాటికి దక్కింది స్వల్పం. ఒక దేశంలో లైసెన్సుతో ఈయూ అంతటా వ్యాపారం చేసే పాస్‌పోర్టింగ్ హక్కును లండన్ బ్యాంకులు కోల్పోయాయి. 2021 జనవరిలోనే షేర్ల లావాదేవీల్లో ఆమ్‌స్టర్‌డామ్ లండన్‌ను దాటేసింది. వృత్తి అర్హతల పరస్పర గుర్తింపు దానంతటదే ఉండదు. సంగీత బృందాలు ఒక్కో దేశానికి ఒక్కో అనుమతి చూసుకోవాలి. అయినా బ్రిటన్ సేవల ఎగుమతులు మొత్తం మీద పెరుగుతూ వచ్చాయి. సలహా సేవలు, సాఫ్ట్‌వేర్ వంటివి సరిహద్దు తనిఖీకి లోబడేవి కావు.

ప్రభావంపై అంచనాలు, అభిప్రాయ భేదాలు

వైదొలగడం వల్ల బ్రిటన్ ఎగుమతి, దిగుమతులు దీర్ఘకాలంలో 15 శాతం మేర, ఉత్పాదకత 4 శాతం మేర తగ్గుతాయని అక్కడి స్వతంత్ర బడ్జెట్ సంస్థ ఓబీఆర్ అంచనా. కొవిడ్, ఉక్రెయిన్ యుద్ధం, ఇంధన ధరల ప్రభావాన్ని దీని నుంచి విడదీయడం సులభం కాదని విమర్శకులు అంటారు. సొంత నిర్ణయ స్వేచ్ఛకు విలువ ఇచ్చేవారు 2025లో అమెరికా విధించిన సుంకాలను ఉదాహరణగా చూపుతారు. అప్పట్లో బ్రిటన్‌పై ప్రాథమిక సుంకం 10 శాతమైతే ఈయూపై 15 శాతం పడింది. పంటల జన్యు సవరణకు 2023లో ఈయూ కంటే ముందే చట్టం చేయగలగడం వారు చెప్పే మరో సంగతి. ఇవి నిజమైన లాభాలే. అయితే పసిఫిక్ దేశాల కూటమి సీపీటీపీపీలో చేరిక వల్ల దీర్ఘకాలంలో జీడీపీకి కలిసొచ్చేది ఒక శాతంలో పదో వంతు కూడా లేదని బ్రిటన్ ప్రభుత్వమే లెక్కగట్టింది. దూర దేశాల ఒప్పందాలు పొరుగు మార్కెట్ నష్టాన్ని పూడ్చేంత పెద్దవి కావని అంకెలు చెబుతున్నాయి.

మూడో దేశాలతో చర్చలు

కూటమిని వీడిన దేశం కూటమి ద్వారా సంక్రమించిన ఒప్పందాలనూ కోల్పోతుంది. ఈయూకి డెబ్బయ్ దాకా దేశాలతో ఉన్న రాయితీలను బ్రిటన్ ఒక్కొక్కటిగా తన పేరిట తిరగరాయించుకుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో ఈయూ దిగుమతి కోటాలను బ్రిటన్, ఈయూ పంచుకోబోతే న్యూజిలాండ్, అమెరికా, అర్జెంటీనా వంటి దేశాలు అడ్డుచెప్పాయి. కోటా ముక్కలైతే ఎటు గిరాకీ ఉంటే అటు సరుకు మళ్లించే వీలు పోతుందన్నది వాటి అభ్యంతరం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో కొత్త ఒప్పందాలు 2023 మే 31న అమల్లోకి వచ్చాయి.

భారత్‌తో చర్చలు 2022 జనవరిలో మొదలై 2025 మే 6న ముగిశాయి, జులై 24న సంతకాలయ్యాయి. భారత ఎగుమతుల్లో 99 శాతం రకాలకు బ్రిటన్‌లో సుంకం ఉండదు. స్కాచ్ విస్కీపై భారత్ సుంకం 150 శాతం నుంచి మొదట 75కి, పదేళ్లలో 40కి దిగుతుంది. 2007లో మొదలై 2013లో ఆగిపోయిన భారత్–ఈయూ చర్చల్లో విస్కీ, కార్లు, వృత్తి నిపుణుల వీసాలు ప్రధాన చిక్కులు. అందులో విస్కీ ప్రధానంగా బ్రిటన్ పట్టుదల.

తెలుగు రాష్ట్రాలకు దీని సంబంధం రెండు రంగాల్లో సూటిగా కనిపిస్తుంది. దేశంలో రొయ్యల ఎగుమతిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచాక భీమవరం ప్రాంత రైతులు, ప్రాసెసింగ్ ప్లాంట్లు ప్రత్యామ్నాయ మార్కెట్ల కోసం వెతికాయి. బ్రిటన్ సుంకం ఎత్తివేత వారికి ఊరట, ఆ మార్కెట్ అమెరికాకు సాటిరాకపోయినా. రెండోది హైదరాబాద్ ఔషధ పరిశ్రమ. ఐరోపా ఔషధ సంస్థ ఒకప్పుడు లండన్‌లోనే ఉండేది. 2019లో ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలింది. గతంలో ఒకే అనుమతితో బ్రిటన్‌తో పాటు ఈయూ అంతటా అమ్మగలిగిన మందుకు ఇప్పుడు బ్రిటన్ నియంత్రణ సంస్థ ఎంహెచ్‌ఆర్‌ఏ అనుమతి వేరుగా తీసుకోవాలి. ఈయూ అనుమతి ఎవరి పేరిట ఉంటుందో ఆ సంస్థకు ఈయూలో కార్యాలయం ఉండాలి.

పునఃసంప్రదింపులు

2025 మే 19న బ్రిటన్ ప్రధాని కీర్ స్టార్మర్, ఈయూ నేతలు లాంకస్టర్ హౌస్‌లోనే సమావేశమయ్యారు. ఆహార, పశు, మొక్కల ఆరోగ్య తనిఖీలను చాలావరకు తొలగించే ఒప్పందానికి, కర్బన ఉద్గారాల మార్కెట్ల అనుసంధానానికి సూత్రప్రాయంగా అంగీకరించారు. ఆహార ఒప్పందానికి బ్రిటన్ మూడు షరతులు ఒప్పుకుంది. ఈయూ ఆహార నిబంధన మారినప్పుడల్లా తానూ మార్చుకోవాలి, ఈయూ చట్టానికి అర్థం చెప్పే విషయంలో ఐరోపా న్యాయస్థానం మాటే చివరిది, నిర్వహణ ఖర్చులో వాటా చెల్లించాలి. ఇవి 2017లో అదే భవనంలో థెరిసా మే వద్దన్న షరతులకు చాలా దగ్గరగా ఉన్నాయి. చేపల వేటకు ఈయూ ఓడల ప్రవేశం 2038 జూన్ దాకా పొడిగించారు. గ్రీన్‌లాండ్ ఒప్పందంలోని ముడి ఇక్కడా కనిపిస్తుంది.

ఏకీకృత మార్కెట్, కస్టమ్స్ యూనియన్, మనుషుల స్వేచ్ఛా రాకపోకలు మాత్రం తిరిగి రావని బ్రిటన్ ప్రభుత్వం అంటోంది. రక్షణ కొనుగోళ్లకు ఈయూ పెట్టిన సేఫ్ రుణ నిధిలో చేరేందుకు జరిగిన చర్చలు, బ్రిటన్ చెల్లించాల్సిన ప్రవేశ రుసుము దగ్గర పొసగక 2025 నవంబరు చివర్లో ఆగిపోయాయి. వాణిజ్య, సహకార ఒప్పందాన్ని అయిదేళ్లకోసారి ఇరుపక్షాలూ కలిసి సమీక్షించాలని అందులోనే రాసుకున్నారు.